లాగ్ పట్టికలోకి దూరిన సింగిల్ కోట్

2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌షెల్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు జావా లాగింగ్ లైబ్రరీ లాగ్‌ఫోర్‌జే రెండో తరం వాడుతున్నవాళ్లకు కంటిమీద కునుకు లేదు. ఏనాటిదో మొదటి తరాన్ని ఇంకా పట్టుకుని వేలాడుతున్నవాళ్లు మాత్రం 'అప్‌గ్రేడ్ చేయకపోవడమే మంచిదైంది' అని లోలోపల సంతోషించారు. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. 2022 జనవరి 18న ఆ లైబ్రరీని నడిపే అపాచీ సంస్థ మొదటి తరంలోని లోపాలు మూడింటిని ప్రకటించింది. వాటిలో ఒకటి సీవీఈ-2022-23305. తీవ్రత పదికి 9.8. విషయం చూస్తే పాత చుట్టమే, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్!

ఎంత పాత చుట్టమంటే, దాన్ని తొలిసారి బహిరంగంగా వివరించింది 1998 డిసెంబరు 25న వెలువడిన ఫ్రాక్ పత్రిక 54వ సంచిక. రెయిన్ ఫారెస్ట్ పప్పీ అనే మారుపేరుతో జెఫ్ ఫారిస్టాల్ రాశాడు. వెబ్ ఫారంలో నింపిన మాటలు నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో కలిస్తే, నింపినవాడు ఆ వాక్యాన్నే మార్చేయగలడని చూపించాడు. మైక్రోసాఫ్ట్ దీన్నొక సమస్యగానే చూడలేదని అదే వ్యాసంలో ఎత్తిపొడిచాడు కూడా. అప్పటికే జావాలో విరుగుడు ఉంది. 1997లో జేడీకే 1.1తో వచ్చిన, డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీలోనే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ఉంది. వాక్యాన్ని ముందే స్థిరపరిచి, విలువలు రావలసిన చోట ప్రశ్నార్థకాలు పెట్టి, వాటిని విడిగా పంపడమే ఆ పద్ధతి.

లాగ్‌ఫోర్‌జే మూలాలు కూడా ఆ కాలానివే. 1996లో సెంపర్ అనే ఐరోపా ప్రాజెక్టు కోసం రాసుకున్న ట్రేసింగ్ కోడ్, చెకీ గుల్చు చేతుల్లో లాగ్‌ఫోర్‌జేగా ఎదిగి అపాచీ గూటికి చేరింది. 2002లో వచ్చిన 1.2 వరసలో లాగ్‌ను ఫైల్‌లో కాక డేటాబేస్‌లో రాసే జేడీబీసీ అపెండర్ ఉంది. దీన్ని మున్ముందు పూర్తిగా మార్చేసే అవకాశం ఉందని దాని డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక రాసిపెట్టారు. ఆ మార్పు 1.2 వరసలో రానే లేదు.

అది పనిచేసే తీరు చూడండి. కాన్ఫిగ్ ఫైల్‌లో 'ఇన్సర్ట్ ఇంటూ లాగ్స్' అంటూ ఒక వాక్యం రాసి, లాగ్ సందేశం రావలసిన చోట రెండు సింగిల్ కోట్ల మధ్య శాతం గుర్తు, ఎమ్ అక్షరం పెడతారు. లాగ్ పడ్డప్పుడల్లా అక్కడ సందేశం ఉన్నదున్నట్టుగా అతుక్కుని, మొత్తం వాక్యం డేటాబేస్‌కు వెళ్తుంది. ఓ'బ్రయన్ అనే ఐరిష్ పెద్దమనిషి పాస్‌వర్డ్ తప్పు కొట్టాడనుకుందాం. లాగిన్ పేజీ రాసిన ప్రోగ్రామర్ బుద్ధిమంతుడు, ప్రిపేర్డ్ స్టేట్‌మెంటే వాడాడు. అక్కడ ఏ ప్రమాదమూ జరగదు. ఆ తర్వాత అతను మరింత బుద్ధిమంతుడై 'ఫలానా పేరుతో లాగిన్ విఫలం' అని లాగ్ చేస్తాడు. ఇంటిపేరులోని కోట్ ఆ వాక్యాన్ని నట్టనడుమ మూసేస్తుంది. పెద్దమనిషి విషయంలో పోయేది ఒక లాగ్ వరసే. తెలిసినవాడైతే ఆ కోట్ వెనకాల తన ఎస్‌క్యూఎల్ ముక్క తగిలిస్తాడు. దొంగను పట్టివ్వాల్సిన లాగే వాడికి దారి చూపడం అచ్చంగా కంచే చేను మేయడం. ఈ అపెండర్‌ను పనిగట్టుకుని కాన్ఫిగర్ చేసుకున్నవాళ్లకే ప్రమాదం, డిఫాల్ట్‌గా అది ఉండదు. అయినా లాగ్‌లను డేటాబేస్‌లో భద్రపరుచుకునేది ఆడిట్ గురించి పట్టింపు ఉన్నవాళ్లే కదా!

ఈలోగా లోకం ఇంజెక్షన్ గురించి చాలానే నేర్చుకుంది. కార్డు చెల్లింపుల సంస్థ హార్ట్‌లాండ్ పేమెంట్ సిస్టమ్స్ మీద దాడి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌తోనే మొదలైంది. దాదాపు 13 కోట్ల కార్డుల వివరాలు పోయాయి, దాడి సూత్రధారి ఆల్బర్ట్ గొంజాలెజ్‌కు 2010లో ఇరవై ఏళ్ల జైలు పడింది. లాగిన్ పెట్టెలు, సెర్చ్ పెట్టెలు జల్లెడ పట్టారు. లాగ్ లైబ్రరీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అది జరిగినదాన్ని రాసుకుంటుందే తప్ప తాను ఏమీ చేయదన్న నమ్మకం అంత గట్టిది. ఈ కథ మొత్తంలో అసలు లోపం ఆ నమ్మకమే అంటాను.

రెండో తరం రాసినవాళ్లు జేడీబీసీ అపెండర్‌ను 2.0 బీటా8లో తిరిగి తెచ్చినప్పుడు విలువలను విడిగా పంపేలా సరిగ్గానే కట్టారు. విచిత్రమేమిటంటే మరుసటి బీటా9లో, 2013లోనే, జేఎన్‌డీఐ లుకప్ వచ్చి చేరింది. ఒక బీటాలో మూసిన తలుపుకు పక్కనే మరుసటి బీటాలో ఇంకో తలుపు తెరిచారు. లాగ్ సందేశంలోని డాలర్ గుర్తును, మీసాల బ్రాకెట్లను లైబ్రరీ ఆజ్ఞగా తీసుకుని బయటి సర్వర్‌ను పలకరించడం మొదలుపెట్టింది. లాగ్‌ఫోర్‌షెల్‌గా పేరుపడ్డ ఈ లోపాన్ని 2021 నవంబరు 24న అలీబాబా క్లౌడ్‌కు చెందిన చెన్ జావోజున్ అపాచీకి తెలిపే వరకు ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక వరస టైప్ చేస్తే సర్వర్ చేజిక్కే పరిస్థితి. డిసెంబరు ముగిసేలోగా 2.15.0 నుంచి 2.17.1 దాకా నాలుగు విడుదలలు వచ్చాయి.

మొదటి తరానికి ఆ భాగ్యం లేదు. 2015 ఆగస్టులోనే దాని కథ ముగిసిందని అపాచీ ప్రకటించింది కాబట్టి, కొత్త తరానికి మారండి అన్నదే జవాబు. పాత కోడ్ మీద నడిచే సంస్థల్లో అది చెప్పినంత తేలిక కాదు. చివరికి గుల్చునే 2022 జనవరిలో 1.2.17ను విడిగా తీసుకుని రీలోడ్‌ఫోర్‌జే పేరుతో మరమ్మతు మొదలుపెట్టాడు. పాత జార్ ఫైల్ తీసి దీన్ని పెట్టుకుంటే చాలు. కాన్ఫిగ్‌లోని ఆ పాత ఇన్సర్ట్ వాక్యాన్ని ఇది తానే విడదీసి, శాతం గుర్తులున్న చోట్ల ప్రశ్నార్థకాలు పెట్టి, విలువలను ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ద్వారా పంపుతుంది.