వేట నిషేధ కాలంలో మరపడవల ఇంజను గది సంరక్షణ: తుప్పు తొలగింపు, రంగుల పూత

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవలతో సముద్ర చేపల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి సముద్ర చేపల వేట (నియంత్రణ) చట్టం కింద దీనిని అమలు చేస్తున్నారు. చేపల సంతానోత్పత్తికి ఉద్దేశించిన ఈ విరామమే విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవులలో పడవల మరమ్మతులకు అనువైన సమయం. ఈ మరమ్మతులలో ఇంజను గదికి ప్రాధాన్యం ఇవ్వడం అవసరం. అక్కడ మొదలైన చిన్న తుప్పు మచ్చ ఉక్కు రేకును గాని, సముద్రపు నీటి గొట్టాన్ని గాని తొలిచివేస్తే నడిసముద్రంలో పడవలోనికి నీరు చేరి, సిబ్బంది ప్రాణాలకే ముప్పు వాటిల్లుతుంది.

తుప్పుకు కారణాలు

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసిన చోట తుప్పు పుడుతుంది. ఉప్పు ఆ చర్యను వేగవంతం చేస్తుంది. నీటి పంపు, పంకా ఇరుసు గ్లాండు, గొట్టాల క్లిప్పుల నుంచి కారే సముద్రపు నీరు ఇందుకు ప్రధాన కారణం. ఇంజను ఆగిన తరువాత గదిలోని తేమ చల్లని రేకులపై నీటి బిందువులుగా మారడం మరొక కారణం. కంచు వాల్వు ఉక్కును తాకి ఉన్నచోట ఉక్కు మరింత త్వరగా క్షీణిస్తుంది. కారుడును అరికట్టకుండా వేసిన రంగు ఎక్కువ కాలం నిలవదు.

పరిశీలన

తుప్పు పట్టిన భాగాన్ని చిన్న సుత్తితో తట్టి చూడాలి. శబ్దం మందకొడిగా వచ్చినా, రేకు లోనికి నొక్కుకుపోయినా అల్ట్రాసోనిక్ పరికరంతో మందం కొలిపించాలి. పలుచబడిన రేకుకు రంగు బలాన్ని ఇవ్వజాలదు. ఆ భాగాన్ని కోసి కొత్త రేకు అతికించవలసి ఉంటుంది. వెల్డింగుకు ముందు సమీపంలోని చమురును పూర్తిగా తొలగించాలి.

శుభ్రపరచే క్రమం

గది అడుగున నిలిచిన నూనె నీటిని రేవులో పారబోయక పీపాలలో సేకరించాలి. మొదట జిడ్డును డిటర్జెంటుతో తొలగించి, ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. ఈ పని చేయకుండా వైరు బ్రష్‌తో రుద్దితే నూనె, ఉప్పు మరింత మేరకు వ్యాపిస్తాయి. తరువాత సుత్తి, గీకుడు పనిముట్లు, వైరు బ్రష్‌లతో పెచ్చులు తీసి, లోహం మెరిసే వరకు శుభ్రపరచాలి. చుట్టూ ఉన్న పాత రంగు అంచులను గరుకు కాగితంతో ఏటవాలుగా అరగదీయాలి. గుంటలలో ఉప్పు మిగిలే అవకాశం ఉన్నందున మరోసారి కడిగి ఆరబెట్టాలి. ఇంజను ఉండగా ఇసుక ధారతో శుభ్రపరచడం తగదు. ఇసుక రేణువులు యంత్ర భాగాలలోనికి చేరుతాయి. ఫాస్ఫారిక్ లేదా టానిక్ ఆమ్లం గల తుప్పు నివారణ ద్రావణాలు గట్టిగా అంటుకున్న పలుచని తుప్పుకే పనికివస్తాయి.

రంగు వేసే విధానం

శుభ్రపరచిన ఉక్కుకు అదే రోజు ప్రైమర్ వేయాలి. రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్‌ను తయారీదారు సూచించిన నిష్పత్తిలో కలిపి, గట్టిపడక ముందే వాడాలి. గాలిలో తేమ 85 శాతానికి మించరాదు. రేకు ఉష్ణోగ్రత మంచుబిందువు కంటే కనీసం 3 డిగ్రీలు అధికంగా ఉండాలి. తీరప్రాంతంలో వేకువ వేళ తేమ అధికం కావున ఎండ వచ్చాక పని ప్రారంభించడం మేలు. అంచులు, వెల్డింగు కీళ్లు, బోల్టు తలలకు ముందుగా బ్రష్‌తో పూత వేసి, ఆపై మొత్తం భాగానికి వేయాలి. పాత ఎనామిల్‌పై ఎపాక్సీ వేస్తే అది పైకి లేచే వీలున్నందున చిన్న భాగంపై పరీక్షించాలి. చివరి పూతకు తెలుపు లేదా లేత బూడిద రంగు శ్రేయస్కరం; నూనె కారినా, కొత్త తుప్పు పుట్టినా వెంటనే కనబడుతుంది. జింకు దిమ్మెలు, రబ్బరు గొట్టాలు, బెల్టులు, ఎర్త్ కలిపిన చోట్లు, వాల్వు మరలపై రంగు వేయరాదు.

భద్రతా జాగ్రత్తలు

థిన్నర్ ఆవిరి గాలికంటే బరువైనది; గది అడుగున పేరుకొని చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. బ్యాటరీ కనెక్షన్ తొలగించి, తగిన ఫ్యానుతో గాలి ఆడేలా చేయాలి. లోపల పనిచేసేవారిని గమనించేందుకు పైన ఒకరు ఉండాలి. మూసి ఉన్న ఉక్కు అరలలో తుప్పు పట్టే క్రమంలో ఆక్సిజన్ హరించుకుపోతుంది కనుక గాలి ఆడనిదే ప్రవేశించరాదు. పాత ప్రైమర్‌లో సీసపు సిందూరం ఉండవచ్చు. దానిని పొడిగా అరగదీయక తడిపి, మాస్కు ధరించి తొలగించాలి. 2023 నవంబరులో విశాఖపట్నం చేపల రేవులో మంటలు ఒక పడవ నుంచి మరొక పడవకు వ్యాపించి పదుల సంఖ్యలో మరపడవలు దగ్ధమయ్యాయి. పక్కపక్కనే నిలిపే పడవలలో ఒకరి అజాగ్రత్త అందరికీ నష్టమని ఆ ఘటన తెలియజేస్తున్నది.

పని ముగిసిన తేదీని, రంగు వేసిన చోట్లను పడవ పుస్తకంలో నమోదు చేసి, ప్రతి వేట తరువాత ఒకసారి పరిశీలిస్తే మచ్చను మచ్చగా ఉన్నప్పుడే నివారించవచ్చు.