అతుకు బలమెంత?

కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన కొడవలి నీట మునిగిన క్షణముననే కాఠిన్యము పొందును. మన పల్లెలు తరతరాలుగా ఎరిగిన విద్య యిది. అల్యూమినియము విషయములో మాత్రము కథ తారుమారైనది.

1906లో జర్మను లోహశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ విల్మ్, కొద్దిగా రాగి, మెగ్నీషియము కలిపిన అల్యూమినియమును కాచి, నీట చల్లార్చి చూచినాడు. ఆశించినంత గట్టిపడలేదు. కొన్ని దినముల పిమ్మట చూడగా, ఎవరును తాకకుండగనే అది గట్టిపడియున్నది! కారణము 1938లో గాని బయటపడలేదు. ఫ్రాన్సులో గినియే, ఇంగ్లండులో ప్రెస్టన్, వేర్వేరుగా ఎక్స్-కిరణముల సాయముతో దానిని కనుగొన్నారు. కాచినప్పుడు లోహములో కరిగిన రాగి పరమాణువులు, చల్లారిన తరువాత మెల్లగా గుంపులు కట్టి, లోహపు పొరలు జారకుండ అడ్డుపడుచున్నవి.

ఈ చరిత్రకు మన సీమతో నేమి సంబంధమందురా? 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోనే నేడు శ్రీహరికోట యున్నది. 2017 జూన్ 5న అచటినుండి జీశాట్-19ను కక్ష్యకు చేర్చిన మార్క్-3 రాకెట్టు పైదశలో, ద్రవ హైడ్రోజనును సున్నకు 253 డిగ్రీల దిగువన నిలిపిన తొట్టి, నూటికి ఆరు పాళ్ల రాగి గల 2219 అను అల్యూమినియము మిశ్రలోహముతో చేసినదే. నాలుగు మీటర్ల వ్యాసము గల తొట్టి ఒక్క రేకుతో రాదు. పలకలను వెల్డింగుతో అతుకవలెను.

చిక్కంతయు అచటనే. 535 డిగ్రీల దగ్గర కాచి, నీట ముంచి, మరల 175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి సంపాదించిన బలమును, వెల్డింగు వేడి అతుకు వెంబడి హరించును. తొట్టినంతను తిరిగి కాచి ముంచుదమా అంటే ఆకారము వంకరలు పోవును.

కావున ముందుగా ఆ లోపమెంతో కొలువవలెను. అతుకు నడుమ వచ్చునట్లు ముక్క కోసి, నడుము సన్నగా చెక్కి, యంత్రపు దవడల మధ్య బిగించి, తెగువరకు లాగుదురు. పదును పెట్టిన పలక చదరపు మిల్లీమీటరుకు సుమారు 48 కిలోల బరువు నోర్చుకొనగా, అతుకు దాదాపు 30 కిలోలకే తెగిపోవును.

ఈ లెక్క చేత పట్టుకొనియే, అతుకు వచ్చు అంచులను మందముగా వదలి, తక్కిన పలకను పలుచగా చెక్కుదురు. అంతటను మందముంచిన ఉపగ్రహమునకు దక్కవలసిన బరువు తొట్టియే మ్రింగును. అంతటను పలుచన చేసిన అతుకు పగులును. మనము నింగివైపు చూచి సంతసించు ప్రతి ప్రయోగము వెనుకను, నేలమీద తెగిపోయిన ఇట్టి చిన్న ముక్కలు ఎన్నియో యున్నవి.