నెట్టే రంపం, లాగే రంపం, పురి పెట్టిన రంపం

మీటింగుల గురించి చెప్పుకునేటప్పుడు "రంపపుకోత" అంటుంటాం కదా, ఈ టపా ఆ కోత గురించి కాదు. నిజం రంపం గురించే. ఈమధ్య సెలవుల్లో ఇంట్లోనే ఒక చట్రం రంపం చేసుకున్నాను. దానికోసం అవీ ఇవీ చదువుతూ పోతే, రంపం చరిత్ర అంతా ఒకే ఒక్క సమస్య చుట్టూ తిరుగుతోందని అర్థమైంది.

ఆ సమస్య ఏమిటంటే: రంపం రేకు పలచగా ఉండాలి. మందంగా ఉంటే కోత వెడల్పవుతుంది, చెక్కంతా పొట్టు కింద పోతుంది, చెయ్యి లాగేస్తుంది. పోనీ పలచగా చేద్దామా అంటే, ముందుకి నెట్టగానే మడత పడుతుంది. ఇంజనీరింగులో బక్లింగ్, ఆయిలర్ సూత్రం అని చదువుకున్నాం, గుర్తుందా? రేకు మందం సగం చేస్తే అది తట్టుకునే తోపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఆయిలర్ పుట్టక ముందు వేల ఏళ్ళ నుంచీ వడ్రంగులు ఈ లెక్కతోనే కుస్తీ పట్టారు. మొత్తమ్మీద మూడు జవాబులు కనిపెట్టారు.

మొదటిది, నెట్టకుండా లాగడం. ఈజిప్టులో మెకెత్రే అనే అధికారి సమాధిలో 1920లో చెక్క బొమ్మలు దొరికాయి. దాదాపు 4,000 ఏళ్ళ నాటివి. వాటిల్లో ఒక వడ్రంగి దుకాణం ఉంది. అందులో పలకని నిలువుగా గుంజకి కట్టేసి ఒకతను కోస్తుంటాడు. వాళ్ళ దగ్గర ఉన్నది రాగి, మెత్తటి లోహం. నెడితే వంగిపోతుంది. అందుకే పళ్ళని పిడి వైపుకి తిప్పి, లాగేటప్పుడు తెగేలా చేసుకున్నారు. లాగినప్పుడు ఎంత పలచటి రేకైనా దానంతటదే బిగుసుకుంటుంది. జపాన్ వడ్రంగులు ఈ రోజుకీ ఇదే పద్ధతిలో కోస్తున్నారు, మంచి ఉక్కుతో.

రెండోది, చట్రం. రోమన్లు దీన్ని బాగా వాడారు. సన్నటి రేకుని కొయ్య చట్రంలో బిగించి లాగిపెడితే, ఇక అది ఎటు తోసినా మడత పడదు. క్రీ.శ. 79లో చనిపోయిన ప్లినీ ఇంకో కిటుకు కూడా రాసిపెట్టాడు: రంపం పళ్ళని ఒకటి ఇటు, ఒకటి అటు వంచితే పొట్టు బయటికొచ్చేస్తుందట. మన వడ్రంగులు ఇవాళ్టికీ చేసేది అదే.

మూడోది, మనందరికీ తెలిసిన వెడల్పాటి చేతి రంపం. దీనికి చట్రం అక్కర్లేదు, నెట్టినా వంగదు. కానీ రేకు వెడల్పుగా, సమమైన మందంతో, స్ప్రింగులా ఉండాలి. అలాంటి రేకు తీయడానికి మంచి ఉక్కు ఒక్కటే చాలదు. దాన్ని పలచగా సాగదీసే రోలింగ్ మిల్లు కావాలి, గట్టిపరిచే పద్ధతి కావాలి. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ షెఫీల్డ్ ప్రాంతంలో మూసల్లో ఉక్కు కరిగించాడు. ఆ ఊరు రంపాలకి పేరుమోసింది. 1840లో ఫిలడెల్ఫియాలో హెన్రీ డిస్టన్ రంపాల కంపెనీ పెట్టాడు. 1855 నాటికి ఉక్కు కూడా సొంతంగా కరిగించుకోవడం మొదలెట్టాడు.

మూసల్లో ఉక్కు అనగానే మనవాళ్ళకి రోషం వస్తుంది. "అది మనం ఎప్పుడో చేశాం!" నిజమే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసేవారని, పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కెళ్ళేవారని హెన్రీ వాయిసీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. కానీ అవి చిన్న చిన్న ముద్దలు. వాటికి పేరు తెచ్చినవి కత్తులు. ముద్ద ఎంత గొప్పదైనా ముద్దే. అది రేకు అయితేగానీ రంపం కాదు. "మనమే ముందు" అని మెయిళ్ళు ఫార్వర్డ్ చేసుకునే ముందు ఈ తేడా గమనిస్తే మంచిదని నా అభిప్రాయం. లోహం ఒక్కటే ఉంటే సరిపోదు, దాని వెనక ఇంకా నాలుగు పనులు ఉంటాయి.

నేను రెండో జవాబుని ఎంచుకున్నది కూడా ఇందుకే. ఇంట్లో రోలింగ్ మిల్లు ఉండదు కదా! చట్రం రంపంలో మేలిరకం ఉక్కు బదులు బిగువు పని చేస్తుంది. రెండు నిలువు కర్రలు, మధ్యలో ఒక అడ్డకర్ర. కింది చివరల మధ్య రేకు, పై చివరల మధ్య తాడు. తాళ్ళ మధ్య చిన్న పుల్ల దూర్చి పురి ఎక్కిస్తే, పై చివరలు దగ్గరవుతాయి, కింది చివరలు దూరమై రేకు బిగుస్తుంది. మొత్తం కథ ఒక లివరు, అంతే. రేకు కోసం కోత మిషన్ల వాళ్ళు పారేసే తెగిపోయిన బ్యాండ్ సా ముక్క సన్నటిది ఒకటి చాలు. అన్నట్టు ఆ బ్యాండ్ సాకి 1808లోనే లండన్లో విలియం న్యూబెరీ పేటెంటు తీసుకున్నాడు. కానీ రేకు కొసలు తెగకుండా అతికే పద్ధతికి ఫ్రాన్సులో క్రెపాన్ అనే ఆవిడ 1846లో పేటెంటు తీసుకున్నాకే అది పనికొచ్చింది. మళ్ళీ అదే పాఠం!

పళ్ళు అరిగితే మూడంచుల ఆకురాయి పెట్టి పది నిమిషాలు రుద్దితే మళ్ళీ కొత్తదే. ఇప్పుడు బజార్లో దొరికే చాలా రంపాల పళ్ళు కరెంటుతో గట్టిపరిచినవి. ఎక్కువకాలం మన్నుతాయి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆకురాయికి లొంగవు, మొద్దుబారితే చెత్తబుట్టే. దాంతోపాటు రంపానికి పదును పెట్టే మనిషీ, ఆ విద్యా చెత్తబుట్టలోకే పోతున్నాయి. సోర్సు కోడు లేని సాఫ్ట్‌వేరు కొనుక్కున్నట్టే ఇది.

అందుకని, మీ ఇంటికి చెక్కపని చేయడానికి పెద్ద వయసు వడ్రంగి ఎవరైనా వస్తే, పని అయ్యాక ఒక్క పావుగంట కూచోబెట్టుకుని, టీ ఇచ్చి, పళ్ళు ఎలా వంచుతారో, ఆకురాయి ఏ కోణంలో పడతారో అడగండి. డాక్యుమెంటేషన్ లేని సిస్టం అది. రాసుకునే అవకాశం ఇంకా ఎన్నాళ్ళుంటుందంటారు?