అరిస్టాటిల్ 'రెటరిక్'

'రెటరిక్' గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) రచించిన వక్తృత్వ శాస్త్ర గ్రంథం. ఇందులో 3 భాగాలు, 60 అధ్యాయాలు ఉన్నాయి. మొదటి భాగం ఉపన్యాసాల రకాలను, రెండోది శ్రోతల భావోద్వేగాలను, స్వభావాలను, వాదన పద్ధతులను, మూడోది శైలిని, విషయాన్ని అమర్చే తీరును వివరిస్తాయి. ఏ సందర్భంలోనైనా ఎదుటివారిని ఒప్పించడానికి ఉన్న మార్గాలేమిటో కనిపెట్టగల శక్తినే అరిస్టాటిల్ వక్తృత్వం అన్నాడు. కాబట్టి ప్రతిసారీ గెలిచి తీరాలన్నది ఈ విద్య లక్ష్యం కాదు. వైద్యుడు రోగం నయమయ్యేందుకు చేయగలిగినదంతా చేసినట్టే, వక్త కూడా ఆ సందర్భంలో చెప్పదగినదంతా చెప్పగలగాలి.

నేపథ్యం

క్రీ.పూ. 5, 4 శతాబ్దాల ఏథెన్స్‌లో మాట నేర్పు లేనివాడికి రక్షణ తక్కువ. యుద్ధమా, సంధియా అన్నది పౌరుల సభ చేతులెత్తి తేల్చేది. న్యాయస్థానంలో కక్షిదారు తన వాదన తానే వినిపించుకోవడం రివాజు. వందల మంది పౌరులు జ్యూరీగా కూర్చునేవారు. నీటిగడియారం పెట్టిన గడువులోగా ఇరుపక్షాలూ చెప్పుకోవాలి. ఆపైన జ్యూరీ తమలో తాము చర్చించుకోకుండానే ఓటు వేసేది. ఈ అవసరం లిసియాస్ వంటి ప్రసంగ రచయితలకు జీవనోపాధి అయింది. డబ్బు తీసుకుని వక్తృత్వం నేర్పే సోఫిస్టులకూ గిరాకీ పెరిగింది. వారిలో పేరుమోసిన గోర్జియాస్ క్రీ.పూ. 427లో సిసిలీలోని లియొంటిని నగరం తరఫున ఏథెన్స్‌కు రాయబారిగా వచ్చాడు.

ఈ విద్యను తీవ్రంగా ఎదిరించినవాడు ప్లేటో. 'గోర్జియాస్' అనే సంభాషణ గ్రంథంలో ఆయన దీన్ని ముఖస్తుతి కింద జమకట్టాడు. 17 ఏళ్ల వయసులో ప్లేటో అకాడమీలో చేరి, సుమారు 20 ఏళ్లు అక్కడే గడిపిన అరిస్టాటిల్ ఈ ఆక్షేపణను బాగా ఎరిగినవాడే. దేహబలం, ఆరోగ్యం, సంపద, సేనానాయకత్వం కూడా దుర్వినియోగం కాగలవని, సద్గుణం ఒక్కటే ఇందుకు మినహాయింపని ఆయన సమాధానమిచ్చాడు. సత్యానికీ న్యాయానికీ సహజంగానే బలం ఎక్కువ. అవి ఓడిపోయాయంటే వాటి పక్షాన మాట్లాడినవారి లోపమే. తనను తాను దేహంతో కాపాడుకోలేకపోవడం అవమానమైతే, మాటతో కాపాడుకోలేకపోవడం అంతకంటే అవమానం. ఎందుకంటే మనిషిని మనిషిగా నిలిపేది మాటే.

మూడు ఆధారాలు

చట్టాలు, సాక్షులు, ఒప్పందాలు, హింసించి రాబట్టిన వాంగ్మూలాలు, ప్రమాణాలు అనే ఐదింటిని వక్త సృష్టించడు, ఉన్నవాటిని వాడుకుంటాడు. అతడు తన మాటతో కల్పించవలసినవి మూడు: వక్త శీలం, శ్రోత మనఃస్థితి, విషయంలోని తర్కం. గ్రీకులో వీటి పేర్లు ఈథోస్, పాథోస్, లోగోస్.

వివేకం, సద్గుణం, శ్రోతల మేలు కోరే మనసు ఉన్నవాడిని జనం నమ్ముతారు. ఈ నమ్మకం పాత పేరుప్రతిష్ఠల వల్ల కాక, ప్రసంగం సాగుతుండగా ఆ మాటల వల్లే పుట్టాలని అరిస్టాటిల్ నియమం.

శ్రోత మనఃస్థితి గురించి రెండో భాగంలో చేసిన విచారణ ఈ గ్రంథానికే తలమానికం. కోపం, శాంతం, స్నేహం, భయం, సిగ్గు, జాలి, అసూయ వంటి ప్రతి భావం గురించీ ఆయన మూడు ప్రశ్నలు వేశాడు. అది ఏ స్థితిలో ఉన్నవారికి కలుగుతుంది? ఎవరి మీద కలుగుతుంది? ఏ కారణం వల్ల కలుగుతుంది? ఉదాహరణకు కోపం అంటే, తననో తనవాళ్లనో అన్యాయంగా చులకన చేశారన్న బాధతో పుట్టే ప్రతీకార వాంఛ. ఈ లెక్కన భావోద్వేగం కారణం లేని పొంగు కాదు, దాని వెనుక ఒక నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకం తప్పని చూపితే కోపం చల్లారుతుంది. వయసును బట్టి స్వభావం మారే తీరునూ ఆయన చర్చించాడు. దేహం 30–35 ఏళ్లకు, మనసు 49వ ఏటి ప్రాంతంలో పరిపక్వమవుతాయని అన్నాడు.

తర్కానికి ప్రధాన సాధనం ఎంథిమీమ్. శ్రోతకు తెలిసిన మెట్టును చెప్పకుండా వదిలేసే వాదన ఇది. డోరియస్ అనే క్రీడాకారుడికి కిరీటం దక్కిందని చెప్పాలంటే అతడు ఒలింపిక్స్‌లో గెలిచాడంటే చాలు. అక్కడ బహుమతి కిరీటమేనని గ్రీకులందరికీ తెలుసు. వదిలిన మెట్టును శ్రోతే పూరించుకుంటాడు కాబట్టి ముగింపు తన సొంత ఆలోచనలా తోస్తుంది. రెండో సాధనం దృష్టాంతం. ఏథెన్స్‌లో పిసిస్ట్రాటస్, మెగారాలో థియాజనీస్ ముందు అంగరక్షకులను అడిగి, ఆ తర్వాత నియంతలయ్యారు. ఇప్పుడు డయోనిసియస్ అనే నాయకుడు కూడా అంగరక్షకులను అడుగుతున్నాడంటే జాగ్రత్తపడాలి అన్నది ఆయన ఇచ్చిన నమూనా.

తప్పుడు వాదనలనూ ఆయన వర్గీకరించాడు. సిసిలీకి చెందిన కోరాక్స్ పేరిట ప్రసిద్ధమైన ఎత్తుగడ ఒకటుంది. కొట్టాడన్న అభియోగం బలహీనుడి మీద వస్తే, అంత శక్తి అతనికి ఎక్కడిదని వాదించవచ్చు. బలవంతుడి మీద వస్తే, అందరూ తననే శంకిస్తారని తెలిసి కూడా ఎందుకు కొడతాడని వాదించవచ్చు. మొదటిది నిజంగా సంభావ్యమని, రెండోది ప్రత్యేక పరిస్థితిలో మాత్రమే చెల్లే మాటను సాధారణ సత్యంలా చూపడమని అరిస్టాటిల్ తేల్చాడు.

మూడు రకాల ఉపన్యాసాలు

సభలో చేసే ప్రసంగం భవిష్యత్తు గురించి లాభనష్టాలను విచారిస్తుంది. న్యాయస్థానంలో చేసేది గతం గురించి న్యాయాన్యాయాలను తేలుస్తుంది. ఉత్సవ సందర్భాల్లో చేసే స్తుతి లేదా నింద ముఖ్యంగా వర్తమానంలోని గొప్పదనాన్ని, హీనతను చూపుతుంది. రకమేదైనా వక్త, విషయం, శ్రోత అనే మూడింటిలో ప్రసంగం చేరవలసిన గమ్యం శ్రోతే.

మాట, రాత, బొమ్మ

శైలికి మొదటి గుణం స్పష్టత, రెండోది ఔచిత్యం. చదవడానికి రాసింది సభలో పలచగా వినిపిస్తుంది. సభలో దద్దరిల్లిన ప్రసంగం కాగితం మీద పేలవంగా కనిపిస్తుంది. పునరుక్తి రాతలో దోషమైనా, నోటి మాటకు ఊపునిస్తుంది. పెద్ద సభలో చేసే ప్రసంగాన్ని అరిస్టాటిల్ దూరం నుంచి చూడటానికి వేసిన వెలుగునీడల చిత్రంతో పోల్చాడు. జనం పెరిగేకొద్దీ చూసే దూరం పెరుగుతుంది, సన్నని గీతలు వృథా అవుతాయి. ఒక్క న్యాయమూర్తి ముందైతే ఆ సన్నని పనితనమే అక్కరకొస్తుంది. విషయాన్ని కళ్లకు కట్టించడం మంచి రూపకానికి లక్షణమని చెబుతూ, బాణాలకూ రాళ్లకూ ప్రాణం పోసిన హోమర్‌ను మెచ్చుకున్నాడు.

వ్యాప్తి, విమర్శ

మధ్యయుగాల్లో ఈ గ్రంథం అరబిక్‌లోకి వెళ్లింది. అల్ ఫారాబీ, ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్ దీనిపై వ్యాఖ్యలు రాశారు. 13వ శతాబ్దంలో మోర్‌బెకె విలియం గ్రీకు నుంచి లాటిన్‌లోకి అనువదించాడు. 1637లో థామస్ హాబ్స్ సంక్షిప్తం ఇంగ్లీషులో వెలువడింది. గ్రంథంలో ఒక వైరుధ్యం పండితులను నేటికీ ఆలోచింపజేస్తోంది. మొదటి అధ్యాయం భావోద్వేగాలనే పట్టుకు వేలాడే పూర్వ రచయితలను తప్పుపడుతుంది. రెండో అధ్యాయం ఆ భావోద్వేగాలకే మూడు ఆధారాల్లో చోటిస్తుంది.

1964లో ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్ వక్తృత్వ విచారణను ప్రకటన చిత్రాలకు అన్వయించాడు. ఆయన పరిశీలించిన పన్జానీ పాస్తా ప్రకటనలో, తెరిచిన వల సంచీలో పాస్తా పొట్లాలతో పాటు తాజా టమాటాలు, కూరగాయలు కనిపిస్తాయి. అప్పుడే సంతలో కొని తెచ్చిన తాజాదనం పొట్లంలోని సరుకుకూ అంటుకుంటుంది. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగులు ఇటలీని తలపిస్తాయి. ఈ సరుకు తాజాది అన్న వాక్యం బొమ్మలో ఎక్కడా లేదు. దాన్ని చూసేవారే పూరించుకుంటారు, ఎంథిమీమ్‌లో శ్రోత చేసే పనీ ఇదే.

ప్రాధాన్యం

వక్తల కోసం రాసినట్టు కనిపించే ఈ గ్రంథం శ్రోతకూ అంతే అవసరం. రెండు పక్షాలా వాదించగలగడం అధర్మాన్ని గెలిపించడానికి కాదని, ఎదుటివాడు అన్యాయంగా వాదిస్తే పట్టుకుని ఖండించడానికని అరిస్టాటిల్ స్పష్టంగా చెప్పాడు. ఎన్నికల ప్రసంగం విన్నా, పత్రికలో సంపాదకీయం చదివినా, రోడ్డు పక్కన హోర్డింగ్ చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఇతన్ని నేను ఎందుకు నమ్ముతున్నాను? నాలో ఏ భావాన్ని రేపుతున్నాడు, దాని వెనుక ఉన్న నమ్మకం నిజమేనా? చెప్పకుండా వదిలేసి నాతో పూరింపజేస్తున్న మాట ఏది? ఓటు వేసేవారు, తీర్పు చెప్పేవారు, సరుకు కొనేవారు నిర్ణయానికి ముందు ఈ ప్రశ్నలు వేసుకోగలిగితే, మాట నేర్చినవాడి చేతిలో మోసపోయే ప్రమాదం తగ్గుతుంది.