పేరు లేని రేఖలు: నస్రీన్ మొహమెదీ జీవితం, చిత్రణపద్ధతి, కాలనిర్ణయ సమస్య

1. ఉపోద్ఘాతం:

చిత్రకళా చరిత్రకారునికి చేతికందే తొలి ఆధారాలు రెండు. ఒకటి చిత్రానికి పెట్టిన పేరు, రెండోది చిత్రంపై వేసిన తేదీ. భారతీయ నైరూప్య చిత్రకారిణి నస్రీన్ మొహమెదీ (1937-1990) తన చిత్రాలలో అత్యధిక భాగానికి పేరు పెట్టలేదు, తేదీ వేయలేదు. కనుక ఆమె కళావికాసాన్ని గురించి మనం చెప్పే మాటల్లో చాలావరకు ప్రత్యక్షప్రమాణం మీద గాక అనుమానప్రమాణం మీద నిలిచినవే. ఆమె జీవితాన్ని, చిత్రణపద్ధతిని కలిపి పరిశీలిస్తూ ఆ అనుమానానికి ఉన్న బలాబలాలను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. జీవిత నేపథ్యం:

నస్రీన్ 1937లో కరాచీలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయారు. 1944లో కుటుంబం బొంబాయికి తరలివచ్చింది. తండ్రికి బహ్రెయిన్‌లో వ్యాపారం ఉండేది. 1954 నుండి 1957 వరకు లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ కళాపాఠశాలలో చదివారు. తిరిగివచ్చాక బొంబాయిలోని భులాభాయి దేశాయి స్మారక సంస్థలో పనిచేస్తున్న కళాకారుల సాహచర్యం లభించింది. నైరూప్య చిత్రకారుడు వి.ఎస్. గైతోండే ఆమెకు అక్కడ మార్గదర్శకుడయ్యారు. 1961-63 మధ్య ప్యారిస్‌లో అభ్యసించారు. 1972 నుండి బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయ లలితకళా విభాగంలో బోధించారు. జీవితపు చివరి దశాబ్దంలో శరీర కదలికలపై పట్టు సడలించే నాడీవ్యాధి ఆమెను బాధించింది. 1990లో మహారాష్ట్ర తీరగ్రామం కిహిమ్‌లో మరణించారు.

3. చిత్రణపద్ధతి:

1960లలోని చిత్రాలలో చెట్లు, నేల, నీరు లీలగా స్ఫురిస్తాయి. అక్కడ సిరా, జలవర్ణం కాగితంపై స్వేచ్ఛగా పరచుకుంటాయి. 1970లలో కుంచె స్థానాన్ని వాస్తుశిల్పి పనిముట్లు ఆక్రమించాయి. డ్రాఫ్టింగ్ బల్ల, కొలబద్ద, రూలింగ్ పెన్ ఆమె ప్రధాన సాధనాలయ్యాయి. రూలింగ్ పెన్‌కు రెండు లోహపు రేకులుంటాయి. వాటి మధ్య ఎడాన్ని మర బిగించి సరిచేస్తే గీత మందం స్థిరపడుతుంది. అయినా చేతి వేగం తప్పితే సిరా ముద్దకడుతుంది. అంటే పరికరం చేతిని తప్పించదు, మరింత నిగ్రహాన్ని కోరుతుంది.

ఆమె పెన్సిలు గీతను, సిరా గీతను ఒకే కాగితంపై వాడారు. బూడిదరంగు గీత వెనక్కి జరిగినట్లు, నల్లగీత ముందుకు వచ్చినట్లు తోస్తుంది. గీతల మధ్య ఎడం క్రమంగా తగ్గినచోట చూపు పరుగెడుతుంది. ఈ విధంగా నీడలు దిద్దకుండానే సమతలంపై లోతు, కదలిక ఏర్పడతాయి. మగ్గంపై సాగిన దారాలను ఆమె ఛాయాచిత్రంగా తీశారు. పడుగు పేకల అమరికను గమనించిన ఆ చూపే గళ్ళ చిత్రాలలోనూ కనిపిస్తుంది. తాను తీసిన ఛాయాచిత్రాలను మాత్రం ఆమె జీవితకాలంలో ప్రదర్శించలేదు.

ఈ గళ్ళను చూసి అమెరికా చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్‌తో పోల్చడం పరిపాటి. పోలిక ప్రభావానికి రుజువు కాదు. మార్టిన్ గళ్ళు చిత్రఫలకమంతటా సమంగా పరచుకుంటాయి. నస్రీన్ గీతలు మధ్యలో తెగుతాయి, వాలుతాయి, చిక్కబడి పలచబడతాయి.

4. కాలనిర్ణయంలోని చిక్కు:

గళ్ళు 1970లవి, ఖాళీ కాగితాన్ని కోసుకుపోయే ఏటవాలు గీతలు 1980లవి అన్నది స్థిరపడిన విభజన. ఇందులో ఒక తార్కిక దోషానికి అవకాశముంది. శైలిని బట్టి తేదీని ఊహించి, ఆ తేదీలను బట్టి శైలి పరిణామాన్ని నిరూపిస్తే అది చక్రకదోషమవుతుంది. దీని మీదనే మరొక నిర్ణయమూ ఆధారపడి ఉంది. వ్యాధి ముదిరినకొద్దీ గీతలు తగ్గాయని, చిత్రం వ్యాధికి ప్రతిబింబమని అనడం సులభం. కాని ఆ చివరి చిత్రాలలో గీత వణకదు. తగ్గినది గీతల సంఖ్యే గాని కచ్చితత్వం కాదు. చిత్రాలను రోగలక్షణాలుగా చదవడం అంటే ఒక స్త్రీ బుద్ధిపూర్వకంగా చేసిన ఎంపికను ఆమె శరీరానికి అప్పగించడమే.

ఈ వలయం నుండి బయటపడే దారులు లేకపోలేదు. ఆమె దినచర్య పుస్తకాల పుటలకు ముద్రిత తేదీలున్నాయి. వాటిలో ఆమె రాతలతోపాటు సిరాతో నింపిన పట్టీలు, గీతలు ఉన్నాయి. ఆ పుటలను, ప్రదర్శనల పట్టికలను, కాగితం, సిరాల లక్షణాలను చిత్రాలతో సరిపోల్చవచ్చు.

5. ముగింపు:

2007లో జర్మనీలోని డాక్యుమెంటా 12లోనూ, 2016లో న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్ ప్రారంభ ప్రదర్శనలలోనూ చోటు దక్కడంతో నస్రీన్ అంతర్జాతీయంగా సుపరిచితులయ్యారు. కీర్తి పెరిగినకొద్దీ ఊహించిన తేదీలు నిర్ధారిత తేదీలుగా చలామణి అయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. ఆమె ఖాళీగా వదిలిన చోటును తొందరపడి నింపడం కంటే, ఏది ఆధారమో ఏది ఊహో విడదీసి చెప్పడమే పరిశోధకుని మొదటి బాధ్యత.