న్యూజిలాండ్ రోడ్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? కిలోమీటర్లు కాదు.. ముందు గంటలు లెక్కేసుకోండి!

మంచు కొండలు, నీలి సరస్సులు, సముద్రం పక్కనే సాగిపోయే రోడ్లు.. న్యూజిలాండ్ అనగానే గుర్తొచ్చేవి ఇవే. మంచు విష్ణు నటించిన ‘కన్నప్ప’ షూటింగ్‌లో ఎక్కువ భాగం అక్కడే జరగడంతో మన ప్రేక్షకులకూ ఆ లొకేషన్లు పరిచయమే. ఈ దేశాన్ని చూడాలంటే సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్లడమే బెస్ట్ అని చాలామంది చెబుతుంటారు. అది నిజమే. కానీ ప్లాన్‌లో ఒక్క లెక్క తప్పితే మాత్రం సెలవులన్నీ స్టీరింగ్ వెనకాలే అయిపోతాయి. అలసటతో నడిపితే ప్రాణాల మీదికే వస్తుంది. వీసా నుంచి రూట్ వరకు బయల్దేరేముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ..

చిన్న దేశం అనుకుంటే పొరపాటే

న్యూజిలాండ్ విస్తీర్ణం సుమారు 2.68 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే ఎంతో, దాదాపు అంత. జనాభా మాత్రం 53 లక్షల చిల్లర. అందుకే పెద్ద నగరాల చుట్టుపక్కల తప్ప మన హైవేల్లాంటి నాలుగు లేన్ల రోడ్లు తక్కువ. ఎక్కువ చోట్ల పోవడానికి ఒక లేను, రావడానికి ఒక లేను.. మధ్యలో డివైడర్ ఉండదు. కొండల్లో వరుస మలుపులు, నదుల మీద ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు.

ఒక ఉదాహరణ చూద్దాం. క్వీన్స్‌టౌన్ నుంచి ప్రఖ్యాత మిల్‌ఫర్డ్ సౌండ్‌కు దూరం 288 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ కంటే కాస్త ఎక్కువ, అంతే. మ్యాప్‌లో చూస్తే ఈ రెండూ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ మధ్యలో కొండలు అడ్డం. రోడ్డు చుట్టూ తిరిగి టీ అనౌ మీదుగా వెళ్లాలి. ఎక్కడా ఆగకుండా వెళ్తేనే సుమారు 4 గంటలు. అదే రోజు తిరిగి రావాలంటే 8 గంటల డ్రైవింగ్, మధ్యలో రెండు గంటల బోటు షికారు. ఒక్కరే డ్రైవర్ అయితే ఇది ఏమాత్రం మంచి ప్లాన్ కాదు. టీ అనౌలో రాత్రి బస చేస్తే అదే ప్రయాణం పోను 2 గంటలు, రాను 2 గంటలకు తగ్గిపోతుంది.

ఫోన్‌లో మ్యాప్ 3 గంటలు అని చూపిస్తే 4 గంటలు పడుతుందనే అనుకోండి. అక్కడ ప్రతి మలుపు దగ్గరా ఫొటో కోసం ఆగాలనిపిస్తుంది మరి! రోజుకు 3 నుంచి 4 గంటలకు మించి డ్రైవింగ్ పెట్టుకోకుంటే మంచిది.

రెండు వారాలైతే ఒక్క ద్వీపమే..

ఉత్తర ద్వీపం, దక్షిణ ద్వీపం.. దేశంలో ప్రధానంగా ఉన్నవి ఈ రెండు. ఆక్లాండ్, రోటొరువా వేడినీటి బుగ్గలు, వైటోమో గుహలు, మటమటా దగ్గరి హాబిటన్ సినిమా సెట్ ఉత్తరాన ఉంటాయి. మంచు కొండలు, హిమానీనదాలు, మిల్‌ఫర్డ్ సౌండ్ దక్షిణాన ఉంటాయి. ఒక్క ఆక్లాండ్ నుంచి రాజధాని వెల్లింగ్టన్‌కే సుమారు 640 కిలోమీటర్లు, 8 గంటలు. అక్కడి నుంచి దక్షిణ ద్వీపంలోని పిక్టన్‌కు ఫెర్రీలో మూడున్నర గంటలు. కారుతో ఫెర్రీ ఎక్కాలంటే ముందే టికెట్ తీసుకోవాలి. గాలి బాగా వీస్తే సర్వీసులు రద్దవుతుంటాయి కూడా.

చేతిలో 3 నుంచి 4 వారాలుంటే రెండు ద్వీపాలూ హాయిగా చూడొచ్చు. రెండు వారాలే ఉంటే ఒక్కటి ఎంచుకోండి. ప్రకృతి కోసమే వెళ్తుంటే దక్షిణ ద్వీపానికి ఓటేయొచ్చు. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి, అక్కడ విమానం మారి నేరుగా క్రైస్ట్‌చర్చ్‌లో దిగొచ్చు.

14 రోజుల ప్లాన్ ఇలా వేసుకోవచ్చు

రోజు 1: క్రైస్ట్‌చర్చ్. విమానం దిగిన రోజు కారు ముట్టుకోవద్దు. మన టైమ్ కంటే అక్కడ ఆరున్నర గంటలు ముందుంటుంది. వాళ్ల వేసవిలో అయితే ఏడున్నర గంటలు. ఆ నిద్రమత్తులో స్టీరింగ్ పట్టుకోవడం ప్రమాదం.
రోజు 2: టెకాపో సరస్సు, 225 కి.మీ. చుక్కలు చూడటానికి ఇదే చోటు. ఈ ప్రాంతానికి 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్ గుర్తింపు వచ్చింది.
రోజులు 3, 4: మౌంట్ కుక్, 105 కి.మీ. 3,724 మీటర్లతో దేశంలోనే ఎత్తైన శిఖరం. రెండో రోజంతా నడకకే.
రోజు 5: వానాకా, 210 కి.మీ.
రోజులు 6, 7: క్వీన్స్‌టౌన్, 70 కి.మీ.
రోజు 8: టీ అనౌ, 170 కి.మీ.
రోజు 9: మిల్‌ఫర్డ్ సౌండ్ వెళ్లి రావడం, 240 కి.మీ.
రోజు 10: టీ అనౌలోనే ఖాళీ. ఇది కావాలని వదిలిన రోజు. ముందురోజు వాన వల్ల మిల్‌ఫర్డ్ రోడ్డు మూసేస్తే ఈ రోజు వాడుకోవచ్చు.
రోజు 11: మళ్లీ వానాకా, 230 కి.మీ.
రోజు 12: హాస్ట్ కనుమ మీదుగా ఫ్రాంజ్ జోసెఫ్, 285 కి.మీ. మొత్తం ట్రిప్‌లో పొడవైన రోజు ఇదే. పొద్దున్నే బయల్దేరాలి.
రోజు 13: హొకిటికా, 135 కి.మీ.
రోజు 14: ఆర్థర్స్ పాస్ మీదుగా తిరిగి క్రైస్ట్‌చర్చ్, 250 కి.మీ.

మొత్తం కలిపితే 1,900 కిలోమీటర్ల పైచిలుకు. దూరాలన్నీ సుమారుగా ఇచ్చినవే. తిరుగు విమానం మాత్రం 15వ రోజుకే బుక్ చేసుకోండి. ఆఖరి రోజు కొండ దారి దాటి అదే సాయంత్రం ఫ్లైట్ పట్టుకోవాలనుకుంటే టెన్షనే.

ఆ ఖాళీ రోజు ఎందుకంటే..

దక్షిణ ద్వీపం పశ్చిమ తీరంలో వానలు విపరీతం. పైగా చాలాచోట్ల పక్కదారి అనేదే లేదు. 2019 మార్చిలో వరదకు ఫ్రాంజ్ జోసెఫ్ దగ్గర వైహో నది వంతెన కొట్టుకుపోయింది. తాత్కాలిక వంతెన వేసి రాకపోకలు మొదలుపెట్టడానికి రెండు వారాలకు పైనే పట్టింది. 2020 ఫిబ్రవరిలో మిల్‌ఫర్డ్ రోడ్డు వరదకు తెగిపోతే అక్కడ చిక్కుకున్న టూరిస్టులను హెలికాప్టర్లలో బయటికి తేవాల్సి వచ్చింది. 2016 నవంబర్‌లో వచ్చిన 7.8 తీవ్రత భూకంపంతో కైకౌరా తీరం వెంబడి హైవే ఏడాదికి పైగా మూతపడింది.

భయపడి ట్రిప్ మానుకోమని కాదు. ప్రతి రాత్రికీ క్యాన్సిల్ చేసినా డబ్బు వెనక్కిచ్చే హోటల్ గది, వారానికి ఒక ఖాళీ రోజు ఉంటే చాలు. ఎన్‌జెడ్‌టీఏ.. అంటే అక్కడి జాతీయ రోడ్ల సంస్థ. దాని వెబ్‌సైట్‌లో ఏ రోడ్డు తెరిచి ఉందో, ఏది మూసేశారో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. రోజూ బయల్దేరే ముందు అది చూడటం అలవాటు చేసుకోండి.

ఎప్పుడు వెళ్లాలి?

అక్కడి కాలాలు మనకు పూర్తిగా రివర్స్. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వేసవి. రాత్రి 9 దాటినా దక్షిణాన వెలుతురు ఉంటుంది. అయితే రద్దీ ఎక్కువ, రేట్లూ ఎక్కువే. మార్చి, ఏప్రిల్ నెలల్లో రద్దీ తగ్గుతుంది, ఆకులు రంగులు మారుతాయి. ఫ్యామిలీతో వెళ్లేవారికి ఇదే అనువైన టైమ్.

మన పిల్లల వేసవి సెలవులు మే, జూన్‌లలోకి వస్తే మాత్రం జాగ్రత్త. అప్పటికి అక్కడ చలికాలం మొదలవుతుంది. జూన్‌లో క్వీన్స్‌టౌన్‌లో పగలు 9 గంటల లోపే. కొండ నీడ పడే చోట రోడ్డుపై కంటికి కనపడని మంచు పొర ఉంటుంది. మే నుంచి నవంబర్ మధ్య మిల్‌ఫర్డ్ రోడ్డుపై టైర్లకు వేసే చైన్లు దగ్గర ఉంచుకోవాలని అధికారులు ఆదేశిస్తుంటారు. మంచులో నడిపిన అలవాటు లేకపోతే ఆ ఒక్క రోజుకు బస్సు టికెట్ తీసుకోవడమే మేలు.

వీసా, లైసెన్స్ సంగతి

భారత పాస్‌పోర్ట్ ఉన్నవారికి ముందుగానే విజిటర్ వీసా తప్పనిసరి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. వీసా ఫీజుతో పాటు 100 న్యూజిలాండ్ డాలర్ల పర్యాటక లెవీ కూడా కట్టాలి. ఫీజులు మారుతుంటాయి కాబట్టి ఇమిగ్రేషన్ న్యూజిలాండ్ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ఇక డ్రైవింగ్‌కు మన లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉంటే పనికొస్తుంది. అయినా ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్తే కారు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర పేచీ ఉండదు. ఇది ఏడాది పాటు చెల్లుతుంది. పర్మిట్‌తో పాటు ఒరిజినల్ లైసెన్స్ కూడా జేబులో ఉండాల్సిందే. కారు నడిపే ప్రతి ఒక్కరి పేరూ అద్దె ఒప్పందంలో రాయించండి. పేరు లేని వ్యక్తి నడిపినప్పుడు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాదు.

ఎడమ వైపే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు

మనలాగే అక్కడా ఎడమ వైపే డ్రైవింగ్. ఇది మనకు పెద్ద ప్లస్. కానీ రూల్స్ విషయంలో మన అలవాట్లు అక్కడ చెల్లవు.

- ఊరి బయట గరిష్ఠ వేగం సాధారణంగా గంటకు 100 కి.మీ., ఊళ్లలో 50. ఇది పరిమితి మాత్రమే, అంత వేగంతో వెళ్లాల్సిందేనని కాదు. మలుపు ముందు పసుపు బోర్డుపై 35 అని ఉంటే ఆ మలుపుకు ఆ వేగమే సురక్షితం అని అర్థం.
- రోడ్డు మధ్యలో మీ వైపు తెగకుండా పసుపు గీత ఉంటే ఓవర్‌టేక్ చేయకూడదు.
- ఒక్క లేను వంతెన దగ్గర ఎర్ర అంచున్న గుండ్రటి బోర్డు, అందులో మీ దిశకు చిన్న ఎర్ర బాణం ఉంటే ఎదుటివారికి దారివ్వాలి. నీలి బోర్డుపై మీ దిశకు పెద్ద తెల్ల బాణం ఉంటే ముందు వెళ్లే హక్కు మీది.
- రౌండ్ అబౌట్‌లో కుడి వైపు నుంచి వచ్చేవారికి దారి వదలాలి.
- స్టాప్ బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా బండి పూర్తిగా ఆపాల్సిందే.
- వెనకాల కార్లు బారులు తీరితే వీలైన చోట పక్కకు తీసి వాళ్లను పోనివ్వాలి.
- ఫోన్ చేత్తో పట్టుకుని నడిపితే 150 డాలర్ల జరిమానా.
- ఏడేళ్ల లోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. కారుతో పాటే బుక్ చేసుకోండి.

ప్రతి రెండు గంటలకోసారి ఆగి, దిగి కాసేపు నడవండి. ఫొటో కోసం రోడ్డు మీదే ఆపేయడం అన్నిటికంటే డేంజర్. ఆగడానికి కేటాయించిన చోటే పక్కకు తీయండి.

కారా? క్యాంపర్‌వ్యానా?

నలుగురు ఉన్న కుటుంబానికి కారు, హోటల్ గదులు సుఖం. వంట చేసుకుంటాం, వ్యాన్‌లోనే పడుకుంటాం అనుకుంటే క్యాంపర్‌వ్యాన్. అయితే ఎక్కడపడితే అక్కడ ఆపి పడుకోవడం కుదరదు. 2023లో చట్టం మారాక, ఉచితంగా బస చేయనిచ్చే చాలా చోట్ల లోపలే బిగించిన టాయిలెట్ ఉన్న, సెల్ఫ్ కంటెయిన్డ్ సర్టిఫికెట్ పొందిన వాహనాలకే అనుమతి. రూల్ దాటితే జరిమానా 400 డాలర్ల నుంచి మొదలు. కరెంటు, స్నానాల గదులు కావాలంటే డబ్బులు కట్టి హాలిడే పార్కుల్లో ఆపుకోవాలి.

డీజిల్ వ్యాన్ తీసుకుంటే ఇంధనం ఖర్చుతో పాటు కిలోమీటర్ల లెక్కన రోడ్ యూజర్ ఛార్జీ కూడా పడుతుంది. బుకింగ్‌లో కనిపించే అద్దెలో ఇది చాలాసార్లు కలిసి ఉండదు. ఇన్సూరెన్స్‌లో ‘ఎక్సెస్’ ఎంతో తప్పక అడగండి. ప్రమాదం జరిగితే మన జేబులోంచి పోయేది ఆ మొత్తమే.

పచ్చళ్లు, పొడులు తీసుకెళ్తున్నారా?

ఆవకాయ లేకుండా మనవాళ్లు ఫ్లైట్ ఎక్కరు! కానీ న్యూజిలాండ్‌లో తనిఖీలు చాలా కఠినం. తినే వస్తువు ఏదైనా సరే, ట్రావెలర్ డిక్లరేషన్‌లో రాయాలి. ఈ ఫారం ఉచితం. రాసి చూపిస్తే మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. విమానంలో ఇచ్చిన యాపిల్ బ్యాగులో మర్చిపోయినా అంతే. మట్టి అంటిన బూట్లు ఉంటే కడిగి, ఆరబెట్టి తీసుకెళ్లండి. తేనె అస్సలు వద్దు.

చివరగా..

పశ్చిమ తీరంలో, మిల్‌ఫర్డ్ దారిలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. టీ అనౌ, వానాకా లాంటి ఊళ్లలో ట్యాంక్ నింపుకున్నాకే బయల్దేరండి. సిబ్బంది లేని పెట్రోల్ బంకుల్లో పిన్ ఉన్న కార్డు కావాలి. పోలీస్, అంబులెన్స్, ఫైర్.. దేనికైనా నంబర్ 111. అక్కడ ప్రమాదంలో గాయపడితే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం టూరిస్టుల చికిత్సకూ సాయం చేస్తుంది. జబ్బు చేస్తే మాత్రం వర్తించదు, కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు.

లిస్టులో పది ప్రదేశాలు ఉన్నాయా? మూడు కొట్టేయండి. మిగిలిన ఏడింటినీ తీరిగ్గా చూడొచ్చు, చీకటి పడకముందే గదికి చేరొచ్చు.