తలలెక్కన పన్ను, తరగతిలెక్కన వోటు



నేను బడిలో ఫ్రాన్సు చరిత్రము చెప్పునపుడు, ‘పారిస్ పార్లమెంటు’ అను మాట వచ్చినతోడనే బాలురు దానిని ప్రజాప్రతినిధుల సభ యనుకొనెడివారు. తొలినాళ్లలో నేనును అట్లే భ్రమపడితిని. నిజమునకు అది న్యాయస్థానము. 1789కి పూర్వము ఆ దేశమున అట్టివి 13 ఉండెను. అందలి న్యాయాధిపతులను ప్రజలు ఎన్నుకొనలేదు. వారు తమ పదవులను సొమ్మిచ్చి కొనినవారు, లేదా వారసత్వముగ పొందినవారు. అయినను రాజశాసనమును వారు తమ పుస్తకములందు నమోదు చేయవలెను. నచ్చనిచో ఆక్షేపణలు వ్రాసి పంపెడివారు.

ఆనాడు జనులు మూడు తరగతులు: మతాధికారులు, ప్రభువంశీయులు, తక్కినవారందఱు. సుమారు 2 కోట్ల 80 లక్షల జనములో మొదటి రెండు తరగతులును కలిసి నూటికి ఇద్దరిని మించవు. ‘తాయ్’ అను ముఖ్యమైన పన్ను వారికి సాధారణముగ లేదు. రైతు మాత్రము తాయ్ కట్టి, చర్చికి పంటలో పాలిచ్చి, ప్రభువునకు శిస్తు చెల్లించి, పెక్కుచోట్ల కూలి లేక బాటలు వేయవలెను. ఇక ఉప్పు పన్ను! పారిస్ చుట్టుపట్ల మండలములలో, ఎనిమిదేండ్లు దాటిన ప్రతివారి పేరను ఏటేట ఇంత యని ఉప్పును రాజుగారి కొట్లలో కొనితీరవలెను. బ్రిటనీలో నన్ననో ఆ పన్నే లేదు.

1776లో తుర్గో అను మంత్రి బాటల వెట్టిని మాన్పి, భూమిగలవారందఱిపై పన్ను వేయనెంచెను. పారిస్ పార్లమెంటు ఎదిరించెను. రాజు బలవంతముగ నమోదు చేయించెను గాని, కొలది నెలలలోనే తుర్గో పదవి పోయెను; వెట్టి మరల వచ్చెను.

1787లో ఖజానా వట్టిపోగా, ప్రభువులపైనను పడునట్టి భూమిపన్నును రాజు ప్రతిపాదించెను. మూడు తరగతుల మహాసభ సమ్మతింపనిదే క్రొత్త పన్ను చెల్లదని పార్లమెంటు పలికెను. రాజు దానిని త్రువా పట్టణమునకు వెడలగొట్టెను. ప్రజలు న్యాయాధిపతులకు జేజేలు పలికిరి.

కాని 1788 సెప్టెంబరులో ఆ పార్లమెంటే, మహాసభ 1614 నాటి పద్ధతిని కూడవలెనని తీర్పు చెప్పెను. అనగా మూడు తరగతులును వేఱువేఱుగ కూర్చుండవలెను, తరగతికొక్క వోటు. పైవారిరువురు ఏకమైనచో, కోట్ల జనుల మాట వీగిపోవును. ఆ తీర్పుతో పార్లమెంటు కీర్తి అంతయు కరగిపోయెను.

1789 మే 5వ తేదీన వెర్సాయిలో మహాసభ కూడెను. ఈ వోటు తగవు తోడనే ఆఱు వారములు గడచెను. జూన్ 17న మూడవ తరగతివారు తమది జాతీయసభ యని ప్రకటించిరి. ఆగస్టు 4వ తేదీ రాత్రి ప్రభువుల ప్రత్యేకహక్కులు పోయెను. 1790లో ఉప్పు పన్నును, ఆ పార్లమెంట్లును కూడ పోయెను.

పన్నుకు ప్రజల సమ్మతి కావలెనని ఆ న్యాయాధిపతులు పలికినది ధర్మమే. కాని ఉప్పు అమ్మునపుడు పసివాని తలను సైతము లెక్కించిన దేశములో, సమ్మతి యడుగువేళ తలలు లెక్కింపవలదనిరి. బాలురకు నేను చెప్పుచు వచ్చినది ఇదియే: సభ పేరు విని సంతసింపకుడు, అందు మనిషిని ఎట్లు లెక్కించుచున్నారో చూడుడు.